సంచి కొన్నారు, చెయ్యిని మరిచారు

ఊపిరి ఆగిన మనిషికి నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. గిలకలదిండి హార్బరు నుంచి బందరు పెద్దాసుపత్రికి అంబులెన్సు ఎంత వేగంగా పరిగెత్తినా ఆ గడువులో రోగిని చేర్చలేదు. ఎదురుమొండి దీవిలో పాముకాటు తిన్నవాడు పంటు మీద కృష్ణ పాయ దాటి, నాగాయలంక చేరి, అక్కడినుంచి అవనిగడ్డ దారి పట్టాలి. అతని విషయంలో ఆ గడువు మాట ఎత్తడమే అనవసరం. ఈ దూరానికీ ఆ గడువుకూ నడుమ అడ్డుపడగలిగింది ఒక్కటే ఉంది. ముఖానికి మాస్కు బిగించి, చేత్తో నొక్కి, ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే సంచి. ఆసుపత్రిలో అందరూ అంబూ బ్యాగ్ అంటారు. వెంటిలేటరు పక్కన పెడితే దాని ధర లెక్కలోకే రాదు. కరెంటు అక్కర్లేదు. ఆక్సిజన్ సిలిండరు అయిపోయినా చుట్టూ ఉన్న గాలితోనే పనిచేస్తుంది. ఇంత చౌకైన సాధనం ఉండగా కృష్ణా డెల్టా దిగువన ఎవరైనా ఊపిరాడక దారిలోనే పోతే, ఆ చావును విధి ఖాతాలో రాయడానికి ఈ పత్రిక ఒప్పుకోదు.

తప్పు ఎక్కడుందో సూటిగానే చెబుతాం. మన ఆరోగ్య వ్యవస్థ సంచిని వస్తువుగా చూసింది, విద్యగా చూడలేదు. కొనుగోలు జాబితాలో దానికో వరస ఉంటుంది, స్టాకు రిజిస్టరులో ఒక అంకె ఉంటుంది, తనిఖీకి వచ్చిన అధికారి చూసి టిక్కు పెట్టుకోవడానికి ఎమర్జెన్సీ ట్రేలో ఒక చోటు ఉంటుంది. దాన్ని పట్టుకోవాల్సిన చెయ్యి చివరిసారి శిక్షణ బొమ్మ మీద ఎప్పుడు సాధన చేసిందో, ఆ రోజు బొమ్మ ఛాతీ లేచిందో లేదో చెప్పే రిజిస్టరు ఏ ఆసుపత్రి గోడ మీద వేలాడుతోంది? మందుల గడువు తేదీని లెక్కపెట్టే వ్యవస్థ, నైపుణ్యానికి కూడా గడువు ఉంటుందన్న సంగతిని పట్టించుకోదు. ప్రాణరక్షణ శిక్షణలో నేర్చుకున్నది సాధన లేకపోతే మూడు నుంచి ఆరు నెలల్లోనే సడలిపోతుందని ప్రపంచమంతటా పదేపదే తేలింది. ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పూట క్లాసు పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి, పదేళ్ళ పాటు దానిమీదే బతికేయమనడం నర్సుకూ అన్యాయమే, రోగికీ అన్యాయమే.

ఈ మాట మరే జిల్లాలోనైనా అనవచ్చు. ఇక్కడ ఇంత గట్టిగా అనడానికి కారణం ఈ నేలే. బందరు, దివిసీమ, గుడివాడ లోతట్టు ప్రాంతంలో మనుషుల్ని అర్ధాంతరంగా తీసుకుపోయేవాటిలో రెండు, పాము, నీరు, చాలాసార్లు చంపేది ఊపిరి ఆపే. పురిటిగది మూడోది.

2018 ఆగస్టును దివిసీమ మరిచిపోదు. పొలాల్లో నాట్లు, కాలవగట్ల మీద ఏపుగా పెరిగిన గడ్డి, మోకాలి లోతు నీళ్ళలో కూలీలు. రోజు తప్పి రోజు కాదు, రోజూ పాముకాటు కేసులు వచ్చిపడ్డాయి. అవనిగడ్డ ఆసుపత్రి పేరు రాష్ట్రమంతటా మారుమోగింది. ఆ నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో ప్రభుత్వమే సర్పయాగం జరిపించింది. మోపిదేవి స్వామి మీద ఈ సీమకున్న భక్తిని మేము తప్పుపట్టం. పుట్టకు దణ్ణం పెట్టుకుని మడిలోకి దిగే కూలీ తన భయానికి తానే చేసుకునే ఏర్పాటు అది. ప్రభుత్వం సంగతి వేరు. దాని చేతిలో ఆసుపత్రులున్నాయి, బడ్జెట్టు ఉంది, జీతం తీసుకునే సిబ్బంది ఉన్నారు. ఆ ఏడాది హోమగుండం దగ్గర నిలబడ్డ అధికారుల్లో ఒక్కరైనా, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రాత్రి డ్యూటీలో అంబూ బ్యాగ్ పట్టడం వచ్చినవాళ్ళు ఎందరని అడిగి ఉంటే, ఈ సంపాదకీయం అవసరమే ఉండేది కాదు.

పాముకాటు అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది విషవిరుగుడు ఇంజెక్షను. అది ఉండాల్సిందే. రక్తపింజర కాటుకు ఆ మందే దిక్కు. నాగుపాము, కట్లపాము విషయంలో మాత్రం మందు ఒక్కటే సరిపోదు. వాటి విషం నరాల నుంచి కండరాలకు వెళ్ళే ఆజ్ఞను తెంపేస్తుంది. కట్లపాము రాత్రిపూట, నేలమీద చాప పరుచుకుని పడుకున్నవాళ్ళను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపూ ఉండదు. తెల్లవారుజామున కడుపులో నొప్పంటారు, గొంతు పట్టేసిందంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. ఉమ్ము మింగుడుపడదు. మెడ నిలవదు. ఒక్క ఊపిరిలో 30 దాకా లెక్కపెట్టగలిగినవాడు 10 దగ్గరే ఆగిపోతాడు. ఆఖరున డయాఫ్రం కదలడం మానేస్తుంది. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది.

ఇక్కడే అంబూ బ్యాగ్ విలువ తెలియాలి. ఆ మనిషి చనిపోలేదు. చాలా సందర్భాల్లో స్పృహలోనే ఉంటాడు, పక్కన ఏడుస్తున్నవాళ్ళ గొంతులు వింటూనే ఉంటాడు, వేలు కూడా కదపలేడు. కంటిపాప విచ్చుకుపోయి వెలుతురుకు స్పందించకపోవచ్చు. అనుభవం లేని కళ్ళకు అది చావులా కనిపిస్తుంది. నాగుపాము కాటైతే నియోస్టిగ్మిన్ ఇంజెక్షనుతో కండరాలు కొంత తిరిగి పట్టు తెచ్చుకునే అవకాశం ఉంది. కట్లపాము విషం నరాల చివర్లనే దెబ్బతీస్తుంది. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని కట్టడి చేస్తుందే తప్ప, అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చలేదు. ఆ చివర్లు మళ్ళీ మొలిచేదాకా, రోజుల తరబడి, ఆ మనిషికి ఎవరో ఒకరు ఊపిరి ఇవ్వాలి. ఇచ్చినవాళ్ళుంటే లేచి నడుచుకుంటూ ఇంటికి వెళతాడు. ఒక పక్క సెలైనులో విషవిరుగుడు ఎక్కుతుంటే మరోపక్క ఊపిరాగి రోగి పోవడం కన్నా పెద్ద వైఫల్యం ఆసుపత్రిలో ఇంకోటి ఉండదు.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా కట్టింది. అంటే ఏడాదికి సగటున 58,000. అంతకుముందు 2005 సంవత్సరానికి జరిగిన లెక్కింపులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సుమారు 5,200 మరణాలతో ఉత్తరప్రదేశ్ తర్వాతి స్థానంలో నిలిచింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఢిల్లీలో రాసుకున్న ఆ లక్ష్యం నెరవేరేదీ లేనిదీ కోడూరులో, నాగాయలంకలో, ఘంటసాలలో రాత్రి రెండు గంటలకు డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు వేళ్ళ మీద ఆధారపడి ఉంది.

నీటి సంగతి గిలకలదిండికి ఎవరూ చెప్పక్కర్లేదు. పూడిక మేటలు వేసే సముద్రపు మొగ దాటి వేటకు వెళ్ళే బోట్లు, వాటి మీద బతికే కుటుంబాలు, మంగినపూడి బీచికి సెలవు రోజుల్లో వచ్చే కుర్రాళ్ళు, కార్తీక పౌర్ణమికి మంగినపూడిలోనూ హంసలదీవి సాగర సంగమంలోనూ మునిగే వేలాదిమంది భక్తులు. ఆ రోజుల్లో గజ ఈతగాళ్ళను పెడతారు, పోలీసులను దింపుతారు, మైకులో హెచ్చరికలు చెబుతారు. మంచిదే. నీళ్ళలోంచి బయటికి లాగిన మనిషికి ఒడ్డు మీద ఏం చేస్తారు? చుట్టూ జనం మూగుతారు, బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కి నీళ్ళు కక్కిస్తారు, కొన్నిచోట్ల కాళ్ళు పట్టుకుని తిప్పుతారు. ఊపిరికి చెందాల్సిన నిమిషాలు ఆ గలాటాలో కరిగిపోతాయి. పొట్టలోంచి వచ్చిన నీళ్ళు, తిన్న అన్నం ఊపిరితిత్తుల్లోకి దిగి ఉన్న ఆశను కూడా చెడగొడతాయి.

నీట మునిగినవాడికి మొదట కావలసింది గాలి. గుండెపోటుతో కుప్పకూలిన మనిషి రక్తంలో ఇంకా కొంత ప్రాణవాయువు మిగిలి ఉంటుంది కాబట్టి ఛాతీ నొక్కడంతో మొదలుపెట్టమంటారు. మునిగినవాడి గుండె ఆగిందే ప్రాణవాయువు లేక. అందుకే అతనికి ముందుగా శ్వాస ఇచ్చి, ఆ తర్వాత ఛాతీ నొక్కాలని, శిక్షణ పొందినవాళ్ళయితే బ్యాగు, మాస్కు వాడాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2024లో నీటి ప్రమాదాల కోసం ప్రత్యేకంగా ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా చెప్పింది. 2021లో ప్రపంచంలో 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గిలకలదిండి హార్బరు రెండో దశ విస్తరణకు 2023లో ప్రకటించిన అంచనా 422 కోట్ల రూపాయలు. జెట్టీకి, డ్రెడ్జింగుకు, వేలం హాలుకు డబ్బు వెచ్చించగలిగిన చోట ఒక బ్యాగు, దాన్ని పట్టే ఇద్దరు మనుషులు ఉండరంటే, ఆ హార్బరు చేపల కోసమే తప్ప మనుషుల కోసం కట్టినట్టు కాదు.

పురిటిగది గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే అక్కడ ఏం చేయాలో దేశానికి ఎప్పుడో తెలుసు. పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే చిన్న బ్యాగుతో ఊపిరి అందాలని, నెలలు నిండిన బిడ్డకు మొదట మామూలు గాలే చాలని 2009లో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమం కింద దేశమంతటా నర్సులకు, ఏఎన్ఎంలకు నేర్పారు. ఆ శిక్షణ రెండు రోజులది. ఆ రెండు రోజుల తర్వాత ఏళ్ళ తరబడి ఏం జరిగిందన్నదే మా ప్రశ్న.

ఇంతకీ సంచి నొక్కడంలో అంత విద్య ఏముందని పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళకు అనిపించవచ్చు. ఉంది. అది చూడటానికి సులువుగా కనిపించడమే దాని ప్రమాదం. కొత్తవాళ్ళు మాస్కును ముఖం మీదికి అదుముతారు. అదిమితే గడ్డం లోపలికి వెళ్ళి, నాలుక వెనక్కి జారి, గాలిదారి మూసుకుపోతుంది. చేయవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. దవడను పైకి, మాస్కు లోపలికి లాగాలి. బొటనవేలు, చూపుడువేలు మాస్కును చుట్టి పట్టుకుంటే, మిగిలిన మూడు వేళ్ళు దవడ ఎముక కింద కొక్కెంలా పట్టాలి. ఆ వేళ్ళు ఎముక మీదే ఉండాలి, గడ్డం కింద మెత్తని కండ మీదికి జారకూడదు. పళ్ళు లేని ముసలివాళ్ళ బుగ్గలు లోపలికి పోయి మాస్కు పక్కల నుంచి గాలి కారిపోతుంది; వాళ్ళ కట్టుడు పళ్ళు తీసేయడం తొందరపాటు. గడ్డం పెంచినవాళ్ళకు మాస్కు పట్టు దొరకదు. ఇవేవీ పుస్తకం చదివితే వచ్చేవి కావు. వేళ్ళకు తెలియాలి.

నొక్కడంలోనూ అంతే. పెద్దవాళ్ళ సంచిలో సుమారు లీటరున్నర గాలి పడుతుంది. ఒక శ్వాసకు కావలసింది అర లీటరుకు కాస్త పైన. అంటే సంచి మొత్తం పిండకూడదు. ఒక సెకను పాటు, ఛాతీ లేచిందని కంటికి కనిపించేంత, ఆపైన వదిలేయాలి. నాడి కొట్టుకుంటున్న పెద్దవాళ్ళకు ఆరు సెకన్లకు ఒకసారి. అంతే. ఆరు సెకన్లు ఆగడం చెప్పినంత తేలిక కాదు. ఎదురుగా మనిషి నీలం రంగుకు తిరుగుతుంటే, బంధువులు భుజాల మీద పడి అరుస్తుంటే, చెయ్యి దానంతటదే వేగం పెంచుతుంది. వేగం పెరిగితే గాలి పొట్టలోకి పోతుంది. పొట్ట ఉబ్బితే వాంతి, వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది. అమెరికాలోని మిల్వాకీలో శిక్షణ పొందిన అత్యవసర సిబ్బందిని గమనిస్తే, ప్రాణరక్షణ హడావుడిలో వాళ్ళు నిమిషానికి సగటున 30 సార్లు నొక్కుతున్నారని 2004లో తేలింది. అంత సౌకర్యాల నడుమ పనిచేసేవాళ్ళ చేతులే అలా తొందరపడితే, ఏడాదికి ఒకసారి కూడా సాధన చేయించని మన సిబ్బంది చేతుల నుంచి ఏం ఆశిస్తాం?

సంచికీ తనిఖీ కావాలి. డ్యూటీ మారిన ప్రతిసారీ మాస్కు పెట్టే మూతిని అరచేత్తో మూసి సంచిని నొక్కి చూస్తే, చిల్లు ఉందో వాల్వు తిరగబడిందో అర నిమిషంలో తెలిసిపోతుంది. వెనక తగిలించే రిజర్వాయర్ సంచి లేకపోతే సిలిండరు ఎంత తిప్పినా రోగికి అందే ఆక్సిజన్ ఇంచుమించు సగానికే పరిమితమవుతుంది. అది ఉంటే నూటికి దగ్గరగా వెళుతుంది. ఆ రిజర్వాయర్ ఎక్కడో బీరువాలో ప్లాస్టిక్ కవరులోనే మగ్గుతుంటే ఆ ఎమర్జెన్సీ ట్రే ఎవరి కోసం? పిల్లల మాస్కు, పెద్దల మాస్కు, పసికందుల మాస్కు మూడూ ఉండాలి. ఉన్నాయా అని అడిగే ముందు, తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడగాలి.

మాస్కు రెండు చేతులతో ఒకరు పట్టుకుని, సంచిని మరొకరు నొక్కితేనే గాలి బాగా అందుతుందని వైద్యశాస్త్రం తేల్చేసింది. దీని అర్థం ఏమిటో పాలకులు గ్రహించాలి. రాత్రిపూట ఒకే నర్సు, ఒక వాచ్‌మన్‌తో నడిచే ఆరోగ్య కేంద్రంలో ఈ పని సవ్యంగా జరగదు. 108 అంబులెన్సులో పైలట్ బండి నడుపుతుంటే వెనక మిగిలేది ఒక్క అత్యవసర వైద్య సహాయకుడు (ఈఎంటీ). గతుకుల రోడ్డు మీద ఊగే బండిలో, ఒంటి చేత్తో మాస్కు, ఇంకో చేత్తో సంచి. బందరు నుంచి విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు. గంటన్నర ప్రయాణం అనుకున్నా 900 సార్లు నొక్కాలి. ప్రతిసారీ మాస్కు జారకుండా, తొందరపడకుండా. ఒక మనిషి మీద ఇంత భారం వేసి, రోగి దారిలో పోతే, తీసుకొచ్చేటప్పటికే చనిపోయాడు అని రాసేస్తున్నాం.

ఇంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. వెంటిలేటరు ఖాళీ లేదు, గొంతులో గొట్టం వేశాం, బ్యాగు నొక్కుతూ ఉండండి అని రోగి కొడుకు చేతిలో, భార్య చేతిలో అంబూ బ్యాగ్ పెట్టడం. పెద్దాసుపత్రుల్లో పనిచేసిన ఏ సిస్టర్‌ని అడిగినా ఈ దృశ్యం తెలుసని చెబుతుంది. రోజుకు 14,400 సార్లు. నిద్ర లేదు, తిండి లేదు, ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుని. కళ్ళు మూతపడి చెయ్యి ఒక్క నిమిషం ఆగితే, ఆ ఆగిపోవడాన్ని ఆ కుటుంబం జీవితాంతం మోయాలి. నాన్న పోయింది నా చేతుల్లోనే అనుకుంటూ ఒక కొడుకు బతకాల్సి రావడం వైద్యం కాదు. ఆసుపత్రి తన బాధ్యతను బంధువు చేతికి బదిలీ చేసి చేతులు దులుపుకోవడం అది. దీన్ని సౌకర్యాల కొరత అనే ముసుగు కింద ఇంకా ఎన్నాళ్ళు సహించాలి?

కొరత కొత్తేం కాదు, మనదొక్కటే కూడా కాదు. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. శ్వాస కండరాలు చచ్చుబడిన పిల్లలతో బ్లెగ్డామ్ ఆసుపత్రి నిండిపోయింది. ఉన్న యంత్రాలు ఏ మూలకూ చాలలేదు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచన మేరకు రోగుల గొంతులో గొట్టం వేసి, చేత్తో సంచి నొక్కుతూ ఊపిరి ఇచ్చారు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా, నెలల తరబడి ఆ పని చేశారు. అంతకుముందు ఇలాంటి రోగుల్లో నూటికి 80 మందికి పైగా చనిపోయేవారు; ఆ సంఖ్య బాగా పడిపోయింది. సిలిండరు నుంచి గ్యాసు రాకపోతే ఆ తొలినాటి సంచులు పనిచేయవు. ఆ లోటు తీర్చడానికే మత్తు వైద్యుడు హెన్నింగ్ రూబెన్, ఇంజినీరు హోల్గర్ హెస్సె కలిసి, వదలగానే తనంతట తానే గాలి నింపుకునే సంచిని తయారుచేశారు. 1956లో అది బయటికొచ్చింది. ఈనాటికీ మన ట్రేల్లో ఉన్నది దాని వంశమే. ఈ చరిత్రలో మనం చూడవలసింది పరికరాన్ని కాదు. కొరత వచ్చినప్పుడు ఆ నగరం సంచిని బంధువుల చేతికివ్వలేదు. నేర్పి, వంతులు రాసి, పర్యవేక్షణ పెట్టి, విద్యార్థుల చేతికిచ్చింది. పేదరికం మన సాకైతే, ఆ పద్ధతికి డబ్బు ఎంత అవసరమైందో చెప్పమనండి.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి కొద్ది నిమిషాల పాటు పడిపోయింది. 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. ఆ రాత్రి అక్కడి సిబ్బంది ఎంత తాపత్రయపడినా, ఒక్కో మంచానికి ఒక్కో జత చేతులు అప్పటికప్పుడు పుట్టుకురావు. యంత్రం మీద, పైపులైను మీద ఆధారపడిన ప్రతి మంచం తల దగ్గర ఒక బ్యాగు వేలాడాలని, అలారం మోగితే ఎవరు ఏ మంచానికి పరిగెత్తాలో ముందే రాసి ఉండాలని రుయా నేర్పింది. ఆ పాఠాన్ని ట్యాంకర్ల లెక్కగానే అర్థం చేసుకుని వదిలేశారు.

నర్సును బోనులో నిలబెట్టడానికి ఇదంతా రాయడం లేదు. ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు ఉండాలన్న ప్రమాణం కాగితం మీదుంది. వార్డుల్లో ఎంతమంది మీద ఎంతమంది ఉన్నారో ఆ వార్డు నర్సులకు తెలుసు. అయినా ఒక మాట వాళ్ళతోనూ అనాలి. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉంది, మాకు బొమ్మ మీద పరీక్ష ఏమిటి అనే అహం కూడా ఈ జబ్బులో భాగమే. డాక్టర్లకు ఆ అహం ఇంకాస్త ఎక్కువ. ఛాతీ లేస్తేనే లేచినట్టు. అక్కడ సర్వీసు లెక్క చెల్లదు.

చట్టం ఏం చెబుతుందో కూడా గుర్తుచేయాలి. రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక కూలీని కలకత్తా ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపిన కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును భంగపరచడమేనని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే రోగి పరిస్థితిని నిలకడకు తెచ్చే సదుపాయాలు ఉండాలని, డబ్బు లేదన్న సాకు చెల్లదని ఆ తీర్పు సారాంశం. ఊపిరి నిలబెట్టకుండా రోగిని పై ఆసుపత్రికి రిఫర్ చేయడం ఆ తీర్పును ధిక్కరించడమే. చీటీ రాసినంత మాత్రాన బాధ్యత తీరదు.

ఈ తీరానికి క్రమశిక్షణ నేర్చుకోవడం చేతకాదని ఎవరూ అనలేరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని తీసుకుపోయాక, తుపాను షెల్టర్లు కట్టాం, హెచ్చరికల వ్యవస్థ పెట్టుకున్నాం, ఖాళీ చేయించడం ఒక అలవాటుగా మార్చుకున్నాం. తర్వాతి తుపాన్లలో ప్రాణనష్టం అందుకే తగ్గింది. గాలికీ నీటికీ నేర్చుకున్న కవాతును ఊపిరికీ నేర్చుకోలేమా?

అందుకని కృష్ణా జిల్లా కలెక్టరును, జిల్లా వైద్య ఆరోగ్యాధికారిని, బందరు ప్రభుత్వ వైద్య కళాశాల ప్రిన్సిపాల్‌ను ఈ పత్రిక పేరుపెట్టి అడుగుతోంది. 2023 సెప్టెంబరులో 150 సీట్లతో మొదలైన ఆ కళాశాల విద్యార్థులకు పాఠాలు చెప్పే చోటు మాత్రమే కాకూడదు. ప్రతి వైద్య కళాశాలలో బొమ్మల మీద సాధన చేసే నైపుణ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ వైద్య కమిషన్ నిబంధన. ఆ గది తలుపు జిల్లాలోని ప్రతి స్టాఫ్ నర్సుకూ, ఏఎన్ఎంకూ, 108 ఈఎంటీకీ, ప్రైవేటు నర్సింగ్‌హోం సిబ్బందికీ మూడు నెలలకొకసారి తెరుచుకోవాలి. రానివాళ్ళకు అత్యవసర విభాగంలో డ్యూటీ వేయకూడదు. అందరూ బందరు రావడం కష్టమైతే బొమ్మలే అవనిగడ్డకూ, గుడివాడకూ వెళ్ళాలి.

విషవిరుగుడు మందు నిల్వ ఉన్న ప్రతి ఆరోగ్య కేంద్రంలో, ప్రతి షిఫ్టులో, బ్యాగు పట్టడం వచ్చినవాళ్ళు ఇద్దరు ఉండాలి. ఇద్దరిలో ఒకరు అటెండరైనా ఫర్వాలేదు, నేర్పితే సంచి నొక్కగలడు. మాస్కు పట్టేది మాత్రం నర్సే. ఊపిరి నిలకడగా లేని రోగిని పంపితే, పంపిన ఆసుపత్రి నర్సు ఆ బండిలో ఎక్కాలి. ఆ నర్సు వెళ్ళిన గంటలకు ఆసుపత్రిలో ఖాళీ ఎవరు నింపుతారో ముందే రాసి ఉండాలి. బంధువు చేతికి బ్యాగు ఇచ్చిన ప్రతి సందర్భాన్ని కేసు షీటులో సమయంతో సహా రాయాలి, ఎందుకిచ్చారో సూపరింటెండెంటు సంతకం పెట్టాలి. ఆ సంతకాలు పోగైతే ఎన్ని వెంటిలేటర్లు, ఎంతమంది నర్సులు తక్కువో అంచనా వేయనక్కర్లేదు, లెక్కే కళ్ళ ముందుంటుంది. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషను రెన్యూవల్‌కు ఇదే పరీక్ష షరతు కావాలి.

మత్స్యశాఖ గిలకలదిండి జెట్టీ దగ్గర, ఎదురుమొండి పంటు మీద, మంగినపూడి, హంసలదీవి ఒడ్డున తాళం వేయని పెట్టెలో బ్యాగు, మూడు సైజుల మాస్కులు ఉంచాలి. మత్స్యకార సంఘాల నుంచి, మెరైన్ పోలీసుల నుంచి, గజ ఈతగాళ్ళ నుంచి మనుషుల్ని ఎంచి నేర్పాలి. ముందుకొస్తారా అని సందేహించనక్కర్లేదు. మునిగినవాడి కోసం నీళ్ళలోకి దూకేవాళ్ళు ఒడ్డున మాస్కు పట్టడానికి వెనకాడరు.

కార్తీక పౌర్ణమి ప్రతి ఏడాదీ వస్తుంది. ఆ ఏర్పాట్ల మీద కలెక్టరేట్‌లో సమీక్ష జరుగుతుంది, బారికేడ్లు, మరుగుదొడ్లు, బస్సులు ఎజెండాలో ఉంటాయి. ఈసారి ఆ ఎజెండాలో ఇంకో అంశం చేర్చాలి. ఏ ఒడ్డున ఏ ఇద్దరు బ్యాగు దగ్గర ఉంటారో వాళ్ళ పేర్లు, వాళ్ళు బొమ్మ మీద చివరిసారి పరీక్ష నెగ్గిన తేదీ చదివి వినిపించాలి. పేర్లు లేని ఒడ్డున స్నానాలకు అనుమతి ఇవ్వకూడదు.